సుగుణమ్మ అన్న మాట

ఊడ్పుల రోజుల్లో సుగుణమ్మ కోడి కూయకముందే లేచేది. పొయ్యి రాజేసి, అన్నం వార్చి, మొగుడు అంద్రెయకి క్యారేజీ కట్టేది. అంద్రెయ రేపల్లెలో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. అతను సైకిలెక్కి వెళ్ళిపోయాక ఆమె కొంగు నడుముకి చుట్టుకుని పేట వీధిలోకి వచ్చేది. గుమ్మం గుమ్మం ముందూ ఆగి, "రండమ్మా, పొద్దెక్కిపోతోంది. నారు మనకోసం కూచుంటుందా?" అని కేకేసేది. ఆ పేట రేపల్లెకి పొలాలకి అడ్డంపడి నడిచిపోయేంత దూరంలో ఉంది. అక్కడి ఆడవాళ్ళ ముఠాకి సుగుణమ్మే పెద్ద. ముందు ఎవరి చేలో దిగాలో, కూలి ఎంతో, రైతులతో మాట్లాడేది ఆమే.

పొద్దున్నే వేసే ఆ కేకలు ఎవరి కేకలైనా పోయినట్టే గాల్లో పోయేవి. కడుపులోంచి వచ్చిన మాట ఏదైనా అంటే మాత్రం అది అన్నచోటే ఉండిపోయేది. అలా ఎప్పుడో గానీ అనేది కాదు. తన చిన్నపిల్లాడు జ్వరంతో పోయిననాడు శివరామయ్యగారి చేను గట్టుమీద ఆమె "నాయనా" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేక ఆ గట్టుమీదే ఉంది. అటు పోయే కూలోళ్ళు దాని పక్కకి రాగానే మాటలాపి, దాటాక మళ్ళీ అందుకునేవాళ్ళు. కూతురు ప్రేమకుమారి బాప్తిస్మం రోజున పాడిన పాటలో ఒక చరణం చర్చిలో కిటికీ పక్కన నిలిచిపోయింది. హార్మోనియం వాయించే జ్ఞానానందం మాస్టారు దానికి అడ్డం రాకుండా తన బల్లని ఇవతలికి జరిపించుకున్నారు. ఇంట్లో వంటింటి మూల ఒక జోలపాట ఉంది. పిల్లలు ఏడుపాపకపోతే చుట్టుపక్కల తల్లులు ఎత్తుకొచ్చేవాళ్ళు.

"అక్కా, కాసేపు మీ మూల కావాలి."

"కూచో అమ్మా, తలుపు తీసే ఉంది," అని సుగుణమ్మ తన పని తను చేసుకునేది.

ఎనభై ఎనిమిదిలో వానలు వేళకి పడ్డాయి. కాలవ నిండుగా వచ్చింది. రైతులందరికీ ఒకేసారి మనుషులు కావాల్సొచ్చింది. కూలి పెంచితే గానీ చేలో దిగకూడదని పేట ఆడవాళ్ళు అనుకున్నారు. ఆ సంగతి చెప్పటానికి సుగుణమ్మ శివరామయ్యగారింటికి వెళ్ళింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలం ఆయనదే.

"నేనొక్కణ్ణే పెంచితే మిగతావాళ్ళు నన్ను ఊళ్ళో తిరగనిస్తారా సుగుణమ్మా?" అన్నాడాయన అరుగు మీద కూచుని విసురుకుంటూ.

"మీ ఇబ్బంది మాతో చెప్పుకున్నారు బాబుగారూ. మా ఇబ్బంది మేం ఎవరితో చెప్పుకోవాలండి?"

"తెనాల్లో పెద్దాఫీసుందిగా. వెళ్ళి అక్కడ చెప్పుకోండి."

ఆయన విసుగ్గా అన్నాడు. సుగుణమ్మ మాత్రం దాన్ని గట్టిగానే పట్టుకుంది. జ్ఞానానందం మాస్టారి చేత అర్జీ రాయించింది. మిషన్ బడిలో ఆమెకి అక్షరాలు దిద్దించింది ఆయనే. మర్నాడు పేట ఆడవాళ్ళంతా రేపల్లె బండెక్కి తెనాలి స్టేషన్లో దిగారు. బురద మరకలు లేని చీరలు కట్టుకున్నారు. కొందరు తలలో చేమంతులు కూడా పెట్టుకున్నారు.

ఆ వారమే తెనాలిలో నూటనలభై నాలుగో సెక్షను పెట్టారు. ఎక్కడో బందులో బస్సులు తగలబడ్డాయని, నలుగురికి మించి ఒకచోట చేరకూడదని జీపుకి మైకు కట్టి చెప్పుకుంటూ తిరిగారు. ఆ మైకు రేపల్లె దాకా రాలేదు. ఆడవాళ్ళు పెద్దాఫీసు రోడ్డులోకి తిరగ్గానే ఒక ఇన్స్పెక్టరు అడ్డమొచ్చాడు.

"ఏంటిది? ఎంతమంది మీరు?"

"పేటంతా వచ్చామండి," అంది సుగుణమ్మ.

"నలుగురికి మించి ఉండకూడదని తెలీదా?"

"తెలీదండి. ఇప్పుడు మీరు చెప్పారుగా. నలుగురు నలుగురుగా పోతాం."

అన్నట్టే నలుగురేసి విడిపోయి, మధ్యలో జాగా వదిలి నడిచారు. ఇన్స్పెక్టరు మళ్ళీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నలుగురి వెనక నలుగురుంటే ఎనిమిదిమందే అవుతారు."

"మరి బజార్లో ఇంతమంది పోతున్నారు కదండీ?"

"వాళ్ళు ఎవరి పని మీద వాళ్ళు పోతున్నారు. మీరంతా ఒకే పని మీద పోతున్నారు. అదే కూడదు. ఈ దారిన ఇంక నడవటానికి వీల్లేదు. వెనక్కి పొండి."

సుగుణమ్మ అర్జీ కాయితం జాకెట్లో దోపుకుంది. అప్పటిదాకా ఆమె గొంతు పెంచలేదు. ఇప్పుడు కూడా పెంచలేదు. ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది.

"దారి మీదే అనుకుందామయ్యా. కాళ్ళు కూడా మీవేనా?"

ఆ మాట కడుపులోంచి వచ్చింది. పేట ఆడవాళ్ళకి వెంటనే తెలిసిపోయింది. ఒకావిడ "అయ్యో అక్కా" అంది. అంతలోనే లాఠీలు లేచాయి. చేమంతులు రోడ్డంతా పడ్డాయి. ఒక ముసలావిడ మోచెయ్యి విరిగింది. ఎవరు ఎటు పరిగెత్తారో, ఏ బండెక్కి ఇల్లు చేరారో. సాయంత్రానికి పెద్దాఫీసు రోడ్డు ఖాళీ అయింది. కానీ ఆఫీసు గేటుకి ఎదురుగా, మనిషి ఛాతీ ఎత్తున, ఆ మాట ఉండిపోయింది. అటు వచ్చిన ప్రతి మనిషికీ వినపడేది. "దారి మీదే అనుకుందామయ్యా. కాళ్ళు కూడా మీవేనా?"

మర్నాడు ఊళ్ళో శివరామయ్యగారి గడ్డివామి తగలబడింది. చుట్ట నిప్పు పడిందని కొందరన్నారు, ఎవరో అంటించారని కొందరన్నారు. పోలీసులు వచ్చి సుగుణమ్మని జీపెక్కించుకుపోయారు. ఆమె మాట వినే జనం రెచ్చిపోయారని, వామి కాలటం దానివల్లేనని, కేసు టాడా కింద పెట్టారని ఆ తర్వాత తెలిసింది.

అంద్రెయ తెనాలిలో వీరరాఘవయ్య అనే ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. పోలీసు కేసుల్లో ఇరుక్కున్న బీదవాళ్ళకి ఊరికే వాదిస్తాడని ఆయనకి పేరు. ప్రేమకుమారి కూడా తండ్రి వెంట వెళ్ళింది. ఆ పిల్ల అప్పుడు బాపట్లలో పిన్ని రూతమ్మ ఇంట్లో ఉండి ఇంటరు చదువుతోంది.

"ఇది మామూలు చట్టం కాదయ్యా," అన్నాడు వీరరాఘవయ్య. "బాంబులు పెట్టేవాళ్ళ కోసమని ఢిల్లీలో చేశారు. చేతికొచ్చాక ఎవరి మీదైనా పెట్టొచ్చు. ఇందులో బెయిలు రావటం కష్టం. పెద్ద పోలీసాఫీసరు ముందు ఒప్పుకున్నట్టు కాయితం ఉంటే కోర్టు దాన్నే సాక్ష్యంగా తీసుకుంటుంది."

"మా ఆవిడ ఏదీ ఒప్పుకోలేదండి."

"కాయితం ఒప్పుకుంది," అన్నాడు ప్లీడరు.

ఆయన జైలుకి వెళ్ళి సుగుణమ్మని చూశాడు. వచ్చేముందు ఆమెకి ఒక జాగ్రత్త చెప్పాడు. "అమ్మా, నీ మాట అందరి మాటలాంటిది కాదు. ఈ గోడల మధ్య ఏమన్నా అన్నావంటే అది ఇక్కడే ఉండిపోతుంది. బాధలో ఎవరి పేరైనా నోట వచ్చిందా, రేపు ఆమెనీ పట్టుకొస్తారు. కేసు తేలేదాకా నోరు విప్పకు." సుగుణమ్మ తలూపింది. ఆ రోజునుంచి మాట్లాడటం మానేసింది.

తెనాలిలో మాత్రం ఆమె మాట మానలేదు. గేటు ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న యేసుదాసుకి పొద్దున షట్టరు తీసిన దగ్గర్నుంచీ అది వినపడుతూనే ఉండేది. అతనికి అలవాటైపోయింది. కానీ ఆఫీసుకి వచ్చేవాళ్ళు అక్కడ ఒక్క క్షణం ఆగేవాళ్ళు. ఆగినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. రైలుకి పరిగెత్తే గుమస్తాలు, మార్కెట్‌కి నిమ్మకాయలు తెచ్చిన రైతులు, స్కూటరు మీద పోయే డాక్టర్లు, ఎవరైనా సరే, అక్కడికి రాగానే నెమ్మదించేవాళ్ళు. అధికారులు ఆ మాటని తీసెయ్యటానికి చూశారు. రోడ్డు తవ్వి మళ్ళీ వేశారు. వేపమొక్క నాటి చుట్టూ ఇనప కంచె కట్టారు. మొక్క ఎదిగింది, మాట దాని కొమ్మల్లో వినపడింది. చివరికి, మాట అక్కడున్నంతకాలం జనం చేరే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ రోడ్డు వరకూ సెక్షను ఉంచాలని తేల్చారు. గడువు అయిపోగానే మళ్ళీ పొడిగించేవాళ్ళు. ఆ సంగతి ఆఫీసు బోర్డుకి అంటించేవాళ్ళు. కొన్నాళ్ళకి ఎవరూ ఆ బోర్డు చదవటం కూడా మానేశారు.

ఆ రోడ్డున పెళ్ళి ఊరేగింపులు పోవటం ఆగిపోయింది. శవాల్ని చుట్టుదారిన తీసుకుపోయేవాళ్ళు. క్రిస్మస్‌కి పాటలు పాడుకుంటూ తిరిగే పిల్లలు ఆ రోడ్డు వచ్చేసరికి విడిపోయి ఒక్కొక్కళ్ళుగా నడిచి అవతల మళ్ళీ కలిసేవాళ్ళు. బస్సు స్టాపుని దూరంగా జరిపారు. యేసుదాసు కొట్లో బెంచీ తీసేయించారు. నలుగురు టీ తాగుతుంటే అయిదో మనిషి ఎండలో నిలబడాలి. "లోపల వాళ్ళు తాగనివ్వండి బాబూ, తర్వాత మీకిస్తాను," అని యేసుదాసు చేతులు జోడించి చెప్పేవాడు. మొదట్లో జనం విసుక్కున్నారు. తర్వాత అడక్కుండానే దూరంగా నిలబడటం నేర్చుకున్నారు. కొందరు సుగుణమ్మని తిట్టుకున్నారు. ఆవిడ ఆ ఒక్కమాట అనకుండా ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు కదా అన్నారు.

జ్ఞానానందం మాస్టారు రిటైరయ్యాక అప్పుడప్పుడు తెనాలి వచ్చి, గొడుగు వేసుకుని ఆ మాట దగ్గర నిలబడేవారు. ఆయన నినాదాలేవీ చెయ్యలేదు. కాగితాలేవీ పంచలేదు. ఒక కానిస్టేబులు వచ్చి అడిగాడు.

"ఏంటి మాస్టారూ, ఇక్కడ నిలబడ్డారు?"

"వింటున్నాను బాబూ."

"వినకూడదండి."

"నేనొక్కణ్ణే కదా. అయిదుగురం లేము కదా."

"మీరు నిలబడితే ఇంకొకళ్ళు నిలబడతారండి. వాళ్ళని చూసి ఇంకొకళ్ళు. రండి, స్టేషనుకి పోదాం."

నేరం చేస్తాడేమోనని ముందుజాగ్రత్తగా పట్టుకున్నామని రాసి, సాయంత్రం వదిలేశారు. మాస్టారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ తీసుకుపోయారు. మూడోసారి ఆయన కొడుకుని పిలిపించి, గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్నావు కదా అని గుర్తుచేశారు. ఆ తర్వాత మాస్టారు తెనాలి రాలేదు. మందులు కావాల్సొచ్చినా రేపల్లెలోనే కొనుక్కునేవారు.

ప్రేమకుమారి సెలవులకి బాపట్ల నుంచి మెయిలెక్కి రాజమండ్రి జైలుకి వెళ్ళేది. ఇనప జాలీకి అవతల తల్లి, ఇవతల ఆమె. సుగుణమ్మ చెయ్యి ఎత్తి జాలీకి ఆనించేది. కూతురు దాని మీద చెయ్యి పెట్టేది. ఇంటరు పాసయ్యానని చెప్పింది. డిగ్రీలో చేరానని చెప్పింది. నాన్నకి నడుం నొప్పి ఎక్కువైందని, బస్తాలు మోయలేక మిల్లులో ఊడుస్తున్నాడని చెప్పింది. తల్లి కళ్ళతో విన్నది. నోరు మాత్రం విప్పలేదు.

"ఒక్కమాట అనమ్మా," అంది ఒకసారి ప్రేమకుమారి ఏడుస్తూ. "తిట్టు. ఏదో ఒకటి అను. నీ గొంతు మర్చిపోతున్నాను."

సుగుణమ్మ పెదాలు కదిలాయి. అంతలో వెనకనున్న వార్డరు తల తిప్పింది. సుగుణమ్మ పెదాలు బిగించి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఏళ్ళు అలా పోయాయి. ప్రేమకుమారి డిగ్రీ అయ్యాక తెనాలిలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరింది. రోజూ రేపల్లె బండిలో వచ్చి, స్టేషను నుంచి నడిచి, పెద్దాఫీసు రోడ్డు మీదుగా బడికి పోయేది. ఆ రోడ్డు కోసమే ఆమె ఆ ఉద్యోగం ఒప్పుకుంది. ఆగకుండా, అడుగు మాత్రం కాస్త చిన్నగా వేసి, పొద్దునొకసారి సాయంత్రమొకసారి తల్లి గొంతు వినేది. జైల్లో చూసే మనిషి ఒకరు, ఈ గొంతు ఇంకొకరు అన్నట్టుండేది ఆమెకి.

తొంభై అయిదులో, ఎండలు ముదరకముందు, కేసు విచారణకి వచ్చింది. ఒప్పుకోలు కాయితంలో తేదీలు తప్పున్నాయని వీరరాఘవయ్య దాన్ని కొట్టేయించినంత పని చేశాడు. అప్పుడు ప్రాసిక్యూటరు లేచి, కాయితం సంగతి అటుంచితే మాట ఇంకా రోడ్డు మీదే ఉంది కదా అన్నాడు. అది ముద్దాయి గొంతేనని తెలిసినవాళ్ళు చెబితే చాలునన్నాడు. ముద్దాయి నోరు విప్పటం లేదు కాబట్టి పోల్చి చూసే వీల్లేదు. జడ్జిగారు స్వయంగా తెనాలి వచ్చి వింటానన్నారు. శివరామయ్యగారిని, జ్ఞానానందం మాస్టారిని, ప్రేమకుమారిని సాక్షులుగా పిలిపించారు.

ముందురోజు సాయంత్రం అంద్రెయ, ప్రేమకుమారి ప్లీడరుగారి వరండాలో కూచున్నారు.

"మిగతా ఇద్దరూ గుర్తులేదంటారు. వాళ్ళ సంగతి నాకు తెలుసు," అన్నాడు వీరరాఘవయ్య. "కన్నకూతురు కాదంటే మాత్రం కోర్టు నమ్మి తీరాలి. నువ్వేం చెప్పాలో నేను చెప్పకూడదమ్మా. అలా చెప్పటం తప్పు. కేసు మాత్రం నీ మాట మీద నిలబడి ఉంది."

దారిలో అంద్రెయ అన్నాడు. "కాదని చెప్పు తల్లీ. మాట పోతే పోయింది. మనిషి రావాలి."

"అమ్మ ఏమనుకుంటుంది నాన్నా?"

"ఏమనుకున్నా ఇంటికొచ్చి అనుకుంటుంది. రానియ్యి ముందు."

ఆ పొద్దున పెద్దాఫీసు రోడ్డుకి రెండు వైపులా తాళ్ళు కట్టారు. నలుగురికి మించి చేరుతున్నారు కాబట్టి కోర్టు వాళ్ళకి కూడా విడిగా అనుమతి తీసుకోవాల్సొచ్చింది. జడ్జిగారు పెద్దవయసు మనిషి. కుర్చీ వేసినా కూచోలేదు. వేపచెట్టు కింద నిలబడి విన్నారు. మళ్ళీ విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఊ, రాసుకోండి," అన్నారు.

శివరామయ్యగారిని అడిగారు. చేను గట్టుమీద కేకని ఏళ్ళ తరబడి వింటున్న మనిషి ఆయన. ఆ గొంతు ఆయనకి తెలియకుండా ఉండదు.

"సరిగా పోల్చుకోలేనండి," అన్నాడు. "కూలోళ్ళ గొంతులన్నీ ఒకలాగే ఉంటాయి నాకు."

మాస్టారిని అడిగారు.

"నా చెవులు బాగా తగ్గిపోయినై అయ్యా," అన్నారాయన. చర్చిలో ఒక మెట్టు తప్పు పలికినా పట్టేసే మనిషి తల వంచుకుని నిలబడ్డారు.

తర్వాత ప్రేమకుమారిని ముందుకి పిలిచారు. జీపు పక్కన ఇద్దరు ఆడ పోలీసుల మధ్య సుగుణమ్మ నిలబడి ఉంది. తెల్ల చీర, బాగా చిక్కిన మొహం. ఆ మాట అన్నాక దానికి అంత దగ్గరగా ఆమె రావటం అదే మొదటిసారి. ప్రేమకుమారి తల్లి వైపు చూసింది. ఏదైనా సైగ చేస్తుందేమోనని, కళ్ళతో అవుననో కాదనో అంటుందేమోనని చూసింది. సుగుణమ్మ కూతురి మొహం చూస్తోందే గానీ ఆ చూపులో ఏ సంగతీ లేదు. బిడ్డని చూసి చాలాకాలమైన తల్లి ఎలా చూస్తుందో అలా చూస్తోంది.

"దారి మీదే అనుకుందామయ్యా. కాళ్ళు కూడా మీవేనా?" అని గాలి అంది.

"ఇది ఎవరి గొంతో నీకు తెలుసామ్మా?" అని అడిగారు జడ్జిగారు. "తొందరేం లేదు. బాగా విని చెప్పు."

పైపైన, పెదాల మీంచి అనేసి ఊరుకోవాలని అనుకుంది ప్రేమకుమారి. రాత్రంతా అలాగే అనుకుని పెట్టుకుంది. నోరు తెరిచేసరికి జాలీ మీద పెట్టిన చెయ్యి, తండ్రి నడుము, ఇన్నేళ్ళూ రోజుకి రెండుసార్లు నడిచిన ఈ రోడ్డు, అన్నీ ఒక్కసారే పైకి వచ్చాయి.

"ఇది మా అమ్మ గొంతు కాదండి."

వేపచెట్టు కింద మాట ఆగిపోయింది. అందరూ చెవులు రిక్కించారు. దూరంగా రైలు కూత, ఎక్కడో రిక్షా గంట, అంతే. జడ్జిగారు అటో అడుగు ఇటో అడుగు వేసి చూశారు.

"మీకేమైనా వినపడుతోందా?" అని కోర్టు గుమస్తాని అడిగారు.

"లేదండి."

ప్రాసిక్యూటరు కూడా లేదన్నాడు. అంతలో, అందరూ కదలబోతుండగా, అదే చోట, అదే ఎత్తున, ఒక పడుచుపిల్ల గొంతు వినపడింది. "ఇది మా అమ్మ గొంతు కాదండి." కాసేపాగి మళ్ళీ అదే అంది.

గుమస్తా రాసుకున్న కాయితాలు సర్దుకున్నాడు. అభ్యంతరం పెట్టటానికి ఆ మాటలో ఏమీ లేదు. సుగుణమ్మని జీపెక్కించారు. ఎక్కేముందు ఆమె గొంతు పట్టుకుని ఒకసారి దగ్గింది. ఎక్కాక మరోసారి దగ్గింది. ఆ దగ్గులో చప్పుడు లేదని దగ్గరున్న ఆడ పోలీసు ఒక్కతే గమనించింది.

మే నెలలో ఆ చట్టం గడువు తీరిపోయింది. ఢిల్లీలో దాన్ని పొడిగించలేదని పేపర్లో వచ్చింది. చట్టం పోయినా పాత కేసులు పోవని వీరరాఘవయ్య చెప్పాడు. అయినా ఆ వేసవిలోనే తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదు, ముద్దాయిని వదిలెయ్యమని జడ్జిగారు రాశారు. రోడ్డు మీద సెక్షను కూడా ఎత్తేశారు. బస్సు స్టాపు పాతచోటికి వచ్చింది. యేసుదాసు మళ్ళీ బెంచీ వేశాడు. కానీ టీ తాగేవాళ్ళు నలుగురవగానే అయిదో మనిషి తనంతట తనే ఎండలోకి పోయి నిలబడేవాడు. "లోపలికి రండి బాబూ, ఇప్పుడేం లేదు," అని యేసుదాసు పిలిచినా, "ఇక్కడ బాగానే ఉందిలే," అనేవాడు.

సుగుణమ్మ రేపల్లె స్టేషన్లో దిగినప్పుడు పేటంతా వచ్చింది. ఆమె అందరి చేతులూ పట్టుకుంది. అందరూ ఆమె ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశారు. ఆమె నోరు తెరిచింది. ఊపిరి ఒక్కటే వచ్చింది. "అలసిపోయింది, అలసిపోయింది," అని ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఇంట్లో వంటింటి మూల ఖాళీగా ఉంది. చేను గట్టు ఖాళీగా ఉంది. చర్చి కిటికీ పక్కనా ఏమీ లేదు. కూతురు కాదన్న పూటే అన్నీ పోయాయని పేటలో అందరికీ తెలుసు. ఆ సంగతి ప్రేమకుమారితో ఎవరూ అనలేదు. సుగుణమ్మ నాలుగు రోజులు ఇంట్లో ఉండి అయిదోరోజు కూలికి పోయింది. ముందు నడిచి కేకేసే మనిషి లేక ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళే బయల్దేరేవాళ్ళు. రైతు ఎంతిస్తే అంత తీసుకునేవాళ్ళు.

ప్రేమకుమారి ఆ ఉద్యోగం మానలేదు. అంద్రెయ మిల్లు మానేశాడు, ఆమె కూడా మానితే ఇల్లు గడవదు. పొద్దునా సాయంత్రం ఆ రోడ్డున పోతూ తన మాట తను వినేది. చుట్టుదారిన పోతే బడికి ఆలస్యమయ్యేది. కొన్నాళ్ళకి ఆమె క్లాసులో కూడా గొంతు తగ్గించి పాఠం చెప్పటం మొదలుపెట్టింది. ఏ మాట ఎక్కణ్ణించి వస్తుందోనని ముందు లోపల తడుముకుని, తర్వాత పైకి అనేది. పిల్లలు వినపడటం లేదు టీచర్ అంటే బోర్డు మీద రాసేది. ఆమెని చూడటానికి బాపట్ల నుంచి ఒక సంబంధం వచ్చినప్పుడు పిల్లవాడి తల్లి, "అమ్మాయి మాట్లాడదా?" అని అడిగింది. "మాట్లాడుతుందండి, నెమ్మదిగా," అన్నాడు అంద్రెయ.

మరుసటేడు సుగుణమ్మ కంటికి శుక్లం వచ్చింది. చూపించటానికి ప్రేమకుమారి ఆమెని తెనాలి తీసుకొచ్చింది. స్టేషను బయట రిక్షా మాట్లాడదామంటే తల్లి వద్దని చేత్తో చెప్పి నడక మొదలుపెట్టింది. సందు దగ్గర ప్రేమకుమారి ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఇటు పోదామమ్మా, ఇటు నీడగా ఉంటుంది," అంది. సుగుణమ్మ చెయ్యి విడిపించుకుని తిన్నగా పెద్దాఫీసు రోడ్డులోకి తిరిగింది. ఆ దారి ఆమెకి గుర్తుంది.

వేపచెట్టు కిందికి రాగానే ఆగిపోయింది. ప్రేమకుమారి వెనకే నిలబడిపోయింది. భూమి చీలితే బాగుండునన్నట్టుంది ఆమెకి.

"ఇది మా అమ్మ గొంతు కాదండి."

సుగుణమ్మ తల కాస్త పక్కకి వంచి విన్నది. మళ్ళీ విన్నది. ఆమె మొహంలో కోపం రాలేదు, కన్నీళ్ళూ రాలేదు. పిల్ల మొదటిసారి నడిచినప్పుడు తల్లి మొహం ఎలా ఉంటుందో అలా అయింది. తన కూతురికి కూడా కడుపులోంచి మాట వస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది. చెయ్యి చాపి గాలిలో ఆ గొంతు ఉన్నచోట, చెంప నిమిరినట్టు నిమిరింది.

"అమ్మా, పదమ్మా," అంది ప్రేమకుమారి. "నీ కాళ్ళు పట్టుకుంటాను, పద."

తల్లి కదల్లేదు. ఇంకోసారి వినాలన్నట్టు వేలు చూపించింది.

అటు నుంచి కొత్తగా చేరిన ఒక కానిస్టేబులు కుర్రాడు సైకిలు మీద వస్తున్నాడు. వెనకాల ఇటుకల లారీ వస్తోంది. ఆ కుర్రాడికి పాత సంగతులేవీ తెలియవు. సైకిలు ఆపి మర్యాదగానే అన్నాడు.

"అమ్మగారూ, దారిలో నిలబడకండి. కాస్త జరగండి."

సుగుణమ్మ గాలిలోని చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఖాకీ చొక్కా వైపు చూసి రెండు చేతులూ జోడించింది. తర్వాత తల వంచుకుని, చెప్పులు చప్పుడు చెయ్యకుండా, రోడ్డు దిగి మురుగుకాలవ అంచు పట్టుకుని గబగబా నడిచింది. కాస్త దూరం పోయాక వెనక్కి తిరిగి, కూతుర్ని కూడా త్వరగా వచ్చెయ్యమని భయంభయంగా సైగ చేసింది.